గైడు భార్య అల్లిన పేట

"మా ఆయన పారిపోయే మనిషి కాదండీ. పారిపోవాలన్నా, చెప్పులు ఎక్కడ విడిచారో ముందు నన్నే అడగాలి."

గైడు భార్య ఈ మాట ఏడుస్తూ చెప్పలేదు. ఏడవాల్సింది పొద్దున్నే ఏడ్చేసింది. ఇప్పుడు మధ్యాహ్నం, బస్టాండు, చుట్టూ జనం, ఎదురుగా ఇన్‌స్పెక్టర్. ఇక మిగిలింది కోపమే.

నిన్న సాయంత్రం పర్యాటకుల గుంపుకి వినోదాల పేటంతా తిప్పి చూపించి పంపేసిన భర్త ఇంటికి చేరలేదు. దొరికింది ఆయన చేతిమైకు ఒక్కటే. అది ఈ బస్టాండు బెంచీ మీద నోరు తెరుచుకుని పడి ఉంది.

"చివరి బస్సు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అందులో ఒక పొడుగాటి మగాడు, పక్కన ఒక ఆడమనిషి. కండక్టరు చెప్పాడు. మిగతాది ఆవిడ ముందు నాతో చెప్పించకండి."

"బస్సులో మగాడి పక్కన ఆడమనిషి కూర్చోవడం ఎప్పట్నుంచి నేరమైంది?" అని అడిగింది డిటెక్టివ్.

ఆమెను గైడు భార్యే పిలిపించుకుంది. ఇన్‌స్పెక్టర్ మాత్రం పిలవలేదు, పిలవడు కూడా. పోయిన ఏడాది సర్కస్ గుడారం కేసులో అతను ఒకణ్ణి అరెస్టు చేసి, ఇంకొకడి భుజం మీద చెయ్యేసి పేపరు వాళ్ళకి ఫోటో ఇచ్చాడు. అసలు దొంగ ఆ భుజం తాలూకు మనిషే అని డిటెక్టివ్ తేల్చింది. అప్పట్నుంచీ అతను ఆమెను 'మేడమ్' అనే పిలుస్తున్నాడు. ఆ మాట అన్నప్పుడల్లా పంటికింద రాయి తగిలినట్టు మొహం పెడతాడు.

"మేడమ్, మనిషి ఇష్టపడి వెళ్ళిపోతే దాన్ని కేసు అనరు."

డిటెక్టివ్ మైకు పట్టీని మెడలో వేసుకుంది. మైకు వచ్చి గడ్డం కింద ఆగింది.

"మీ ఆయన ఎంత పొడుగు?"

"గుమ్మాలన్నీ వంగి దాటతారు. పొట్ట అదనం."

"మరి ఇది నాకే గొంతు పట్టేస్తోంది. ఎవరో పట్టీ బిగించారు. మైకు చేత్తో పట్టుకోకుండా మెడలో వేసుకుని వచ్చారంటే చెయ్యి ఖాళీ లేని మనిషి. బాగా పొట్టి."

"పట్టీ చూసి నేరస్థుల్ని పట్టుకోగలిగితే, మా డిపార్టుమెంటు టైలర్లనే చేర్చుకునేది మేడమ్." ఇన్‌స్పెక్టర్ జీపెక్కాడు.

గైడు భార్య చేతిసంచీని గట్టిగా పట్టుకుంది. "ఆయనకి సుగర్ అండీ. రాత్రి సూది లేదు, పొద్దున సూది లేదు. ఇంకో పూట గడిస్తే..." సంచీలో సూదిమందు పెట్టె చల్లగా ఉందో లేదో తడిమి చూసుకుంది.

*

పేట దారిలో కాస్త దూరం నడిచాక ఆమె గొంతు తగ్గించింది.

"ఒక సంగతి ఇన్‌స్పెక్టర్ గారి ముందు చెప్పలేదు. ఆయన చెప్పే చరిత్రంతా నేను అల్లిందే."

"ఏ చరిత్ర?"

"ఈ పేట చరిత్ర. మా ఆయనది మంచి గొంతు. ఊహ మాత్రం సున్నా. మొదట్లో నిజాలే చెప్పేవారు. ఇది ఒకప్పుడు గోదాము, అదీ గోదామే, ఆ మూలది కూడా అని. జనం ఆవలించేవారట. ఒకరోజు నేను కూరగాయలు తరుగుతూ, 'ఆ పాటల బారు గోడలో ఒక పియానో పెట్టి కట్టేశారని చెప్పండి, ఎవరు గోడ పగలగొట్టి చూస్తారు' అన్నాను. ఆ సాయంత్రం చప్పట్లు కొట్టారు. అంతే, ఇక రోజూ కూర ఉడికేలోపు ఒకటి కావాలి ఆయనకి."

"పేట వాళ్ళు ఊరుకున్నారా?"

"ఊరుకోవడమా? ఆ పియానో మోగుతుంటే తాతలు విన్నారని ఇప్పుడు బారువాళ్ళే చెబుతున్నారు. నేను ఒక్కటే నియమం పెట్టుకున్నాను. కథని ఎవరూ తవ్వి చూడలేని చోట పెట్టాలి. గోడలో, పూడ్చిన బావిలో, నేల కింద."

"నేల కింద ఏముంది?"

"డ్రమ్ములు వాయించేవాడి శవం." ఈ మాట చెప్పేటప్పుడు, ఇంత బాధలోనూ, ఆమె మొహంలో కాస్త గర్వం కనిపించింది. "నా కథల్లో అన్నిటికన్నా బాగా ఆడిందదే. ముందు డాన్సుల మేడలో ఉండేది. ఆ మేడ నెల క్రితం కూల్చేశారు. కింద మట్టి తప్ప ఏమీ లేదని తేలిపోయింది. బంగారంలాంటి కథని పారేయడానికి మనసు రాలేదు. ఎదురుగా ఉన్న పాత సినిమా హాల్లోకి మార్చాం. ఇల్లు మారినట్టే."

డిటెక్టివ్ నడక ఆపింది. "నిన్న కూడా చెప్పారా అది?"

"రోజూ చివర అదే."

"ఆయన ఎలా చెబుతారో అలాగే చెప్పండి. ఒక్క ముక్క కూడా మార్చకుండా."

ఆమె గొంతు సవరించుకుంది. "'మీరు నిలబడ్డ ఈ హాల్లో ఒక డ్రమ్ముల కుర్రాడు ఒక డాన్సరుని ప్రేమించాడు. హాలు యజమాని ఓర్వలేకపోయాడు. కొత్తగా చెక్కనేల వేయిస్తున్న రోజున, వాణ్ణి చంపి, పలకల కింద బోర్లా పడుకోబెట్టి, పైన మేకులు కొట్టించాడు. అందుకే ఇక్కడ ఎవరు అడుగేసినా నేల ఉలిక్కిపడుతుంది.' అంతే. అందరూ ఒక్కసారి కాళ్ళవైపు చూసుకుంటారు."

"బోర్లా ఎందుకు?"

"ముందు కూర్చోబెట్టాను, కుదరలేదు. వెల్లకిలా అంటే హాయిగా నిద్రపోతున్నట్టుంది. బోర్లా అంటేనే గుండె జల్లుమంటుందండీ."

డిటెక్టివ్ ఆమెను ఒకసారి తేరిపార చూసింది. ఇంట్లో ఇలాంటి మనిషిని పెట్టుకుని ఏ మగాడూ చివరి బస్సెక్కి పారిపోడని ఆమెకు నమ్మకం కుదిరింది. పారిపోతే ఆ సాయంత్రం చెప్పడానికి కథ ఉండదు.

*

పాత సినిమా హాలు టికెట్ల కిటికీ వెనక ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఈ మనిషి బల్లకి పైన తల, భుజాలు తప్ప కనిపించనంత పొట్టిది. హాలు ఆమెదే. సినిమాలు పోయి డాన్సులు వచ్చినా, డాన్సులు పోయి పాటల పోటీలు వచ్చినా, టికెట్లు ఆమె చేతిమీదుగానే తెగాయి. పేటంతా ఆమెను 'టికెట్ల పెద్దమ్మ' అంటుంది. కిటికీ పక్కన ఒక చేతికర్ర వేలాడుతోంది.

"ఇవాళ ఆట లేదు. నేల పని," అంది తలెత్తకుండానే.

పక్క సందులో కాంక్రీటు లారీ ఒకటి డ్రమ్ము తిప్పుకుంటూ గుర్రుగుర్రుమంటోంది.

"ఆటకి కాదు పెద్దమ్మా. పేట పాత సంగతులు తెలిసినవాళ్ళు మీరేనంటే వచ్చాం," అంది డిటెక్టివ్.

పెద్దమ్మ తలెత్తింది. ఆ కళ్ళు మాత్రం ముసలివి కావు. "సంగతులకేం. ముందు రేవు గోదాములు. మూటలు మోసేవాళ్ళకి పొద్దుగూకితే తాగే చోటు కావాలి. తాగినవాడికి పాట కావాలి. పాట దగ్గరికి ఆట వచ్చింది. ఆట చూడ్డానికి పెద్దమనుషులు వచ్చారు, మొహాలకి కండువాలు కప్పుకుని. వాళ్ళని వెతుక్కుంటూ వాళ్ళ పెళ్ళాలు వచ్చారు. అలా నిండింది పేట. మధ్యలో సినిమా వచ్చింది. మా ఆయన ఈ హాలు కట్టాడు."

"ఆయన ఇప్పుడు..."

"ఒక డాన్సరుతో ఓడెక్కిపోయాడు. అడక్కుండానే చెప్పేవాళ్ళు పేటలో చాలామందే ఉన్నారే, నీకెవరూ చెప్పలేదూ?"

"మేం అల్లకుండా చెప్పే నిజం అదొక్కటే," అని గైడు భార్య డిటెక్టివ్ చెవిలో గొణిగింది.

"నిన్న సాయంత్రం గైడుగారు ఇటొచ్చారా?"

"ఆ గొంతుగాడా? వచ్చాడు, అరిచాడు, పోయాడు. రోజూ ఈ కిటికీ ముందే కదా వాడి కచేరీ. దేవుడు గొంతిచ్చాడు, లోపల ఏమీ పెట్టలేదు. ఒక్క ముక్క సరిగ్గా చెప్పడు. డ్రమ్ములట, ప్రేమట, బోర్లాట! బోర్లా ఏంటి? వెల్లకిలా."

గైడు భార్య నోరు తెరిచింది. డిటెక్టివ్ ఆమె కాలు తొక్కింది.

"అంటే," అంది పెద్దమ్మ, ఒక పాత టికెట్టును తీసి చక్కగా సగానికి చింపుతూ, "ఎవరినైనా పడుకోబెట్టాలంటే వెల్లకిలానే కదా పడుకోబెడతారు అని."

"అవును మరి," అంది డిటెక్టివ్. "హాలు ఒకసారి చూసిపోతాం."

"చూడండి. కాంక్రీటు పడకముందే చూడండి. పడ్డాక చెప్పులకి అంటుకుంటుంది."

నాలుగడుగులు లోపలికి వెళ్ళాక గైడు భార్య ఆగలేకపోయింది. "కాలు తొక్కారెందుకండీ?"

"కథ విన్నవాళ్ళు మూడు రకాలు. నమ్మేవాళ్ళు, నవ్వేవాళ్ళు, విసుక్కునేవాళ్ళు. కట్టుకథలో తప్పులు దిద్దేవాళ్ళుండరు. అసలు సంగతి కళ్ళారా చూసినవాళ్ళే దిద్దుతారు."

గైడు భార్యకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక లోపలి నేలవైపు వేలు చూపించింది. "అంటే... నేను సరదాకి పెట్టిన చోట..."

"నిజంగానే ఎవరో ఉన్నారు. మీ ఆయనకి ఆ సంగతి తెలిసిపోయిందని ఆవిడ అనుకుంది. నెల్లాళ్ళుగా రోజూ, కిటికీ ముందు నిలబడి, మైకులో చెబుతున్నారు మరి."

*

హాలు లోపల కుర్చీలు లేవు. గుమ్మం నుంచి వేదిక దాకా చదునైన చెక్కనేల. కాంక్రీటు మేస్త్రీ పక్క తలుపులోంచి ఒక లావుపాటి గొట్టాన్ని లోపలికి లాగుతున్నాడు.

"చెక్క మీద కాంక్రీటు పోస్తారా మేస్త్రీగారూ?" అంది డిటెక్టివ్.

"పొయ్యరండీ. నేనూ అదే చెప్పాను. నిన్న పొద్దుపోయాక ఫోన్ చేసి ఇవాళే కావాలని పట్టుబట్టింది. బరువుకి పలకలు విరిగి నేల కుంగుతుంది పెద్దమ్మా అంటే, 'కుంగితే ఇంకాస్త పొయ్యి నాయనా' అంది."

డిటెక్టివ్ ఇక అతన్ని వదిలి గోడ వెంట నడిచింది. గోడకి ఎర్రరంగు పట్టీ ఒకటి అలంకారంగా వేసి ఉంది. గుమ్మం దగ్గర అది ఆమె భుజం ఎత్తున ఉంది. ముందుకి పోయేకొద్దీ దిగుతూ, నడుం దగ్గరికి, మోకాలి దగ్గరికి వచ్చి, వేదిక చేరకముందే నేలలోకి మునిగిపోయింది. వేదిక పక్కన ఉన్న పాత తలుపు మరీ వింతగా ఉంది. పై కొస మాత్రమే కనిపిస్తోంది. 'బయటికి దారి' అన్న బోర్డు ఆమె మోకాలికి తగులుతోంది.

"ఈ దారిలో బయటికి పోవాలంటే పాకాలి," అంది గైడు భార్య.

"అప్పట్లో పాకలేదు, నడిచే వెళ్ళారు. సినిమా హాలు కదా, నేల తెరవైపు వాలుగా ఉంటుంది, వెనకవాళ్ళకి ముందువాళ్ళ తలలు అడ్డం రాకుండా. డాన్సులొచ్చాక వాలు పనికిరాలేదు. దానిపైన చదునుగా చెక్కలు పరిచేశారు. గుమ్మం దగ్గర కింద ఖాళీ ఉండదు. కానీ ఇక్కడ, వేదిక ముందు, మన కాళ్ళ కింద మనిషి నిలబడేంత చోటుంది."

"ఉంటే ఉండనివ్వండి."

ఆ గొంతు ఇన్‌స్పెక్టర్‌ది. పెద్దమ్మ ఫోన్ చేసి పిలిచిందట, ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి తనని బెదిరిస్తున్నారని.

"ముందు ఆ గొట్టం ఆపించండి ఇన్‌స్పెక్టర్ గారూ. పలకలు లేపి చూడాలి."

"ఏ అధికారంతో?"

"ఒక మనిషి ప్రాణం."

"ఆ మనిషి బస్సులో ఉన్నాడు మేడమ్. పెద్దావిడ సొంత హాలు, సొంత నేల. గోడ మీద గీత వంకరగా ఉందని నేల తవ్వమంటారా? పలక ఒక్కటి కదిలిందంటే మిమ్మల్ని తీసుకెళ్ళి లోపల కూర్చోబెడతాను." మేస్త్రీ వైపు తిరిగాడు. "కానివ్వవయ్యా."

సందులో లారీ డ్రమ్ము వేగం పెరిగింది. గొట్టం ఒకసారి పాములా ఒళ్ళు విరుచుకుంది.

గైడు భార్య ముందుకు నడిచింది. గొట్టం మూతి ఎదురుగా వెళ్ళి, చీర సర్దుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుంది.

"పొయ్యండి," అంది.

మేస్త్రీ హడలిపోయి సందువైపు చెయ్యి ఊపాడు. "ఆపరా! ఆపు!"

"లేవండమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మీరే లేపండి. సాయంత్రం పర్యటనకి జనం వచ్చేసి ఉంటారు, గేటు దగ్గర. అందరి మెడల్లోనూ కెమెరాలే. పోలీసులు ఆడమనిషిని ఈడ్చుకెళ్ళే దృశ్యం మా ఆయన కార్యక్రమంలో లేదు, కొత్తగా చేర్చుకుంటాం."

ఇన్‌స్పెక్టర్ ముందుకేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"లారీ ఇంజను కూడా ఆపించండి," అంది డిటెక్టివ్. "పూర్తిగా."

ఇంజను ఆగింది. హాల్లో చప్పుడు లేదు. నలుగురూ తమకు తెలియకుండానే కాళ్ళవైపు చూశారు. ఏమీ వినబడలేదు. ఇన్‌స్పెక్టర్ పెదవి విరిచేలోపు గైడు భార్య వంగి చెంప నేలకి ఆనించింది.

"ఏవండీ!"

కింద, ఎంతో దూరం నుంచి వచ్చినట్టు, ఏదో చెక్కకి తగిలింది. ఆగింది. మళ్ళీ తగిలింది.

ఇన్‌స్పెక్టర్ మొహంలో రంగు మారింది. అతను చెడ్డవాడు కాదు, తొందర మనిషి. ఆ తొందర ఇప్పుడు పనికొచ్చింది. వేదిక మెట్ల పక్కన పరిచిన తివాచీని ఒక్క లాగు లాగాడు. దాని కింద చతురస్రంగా ఒక తలుపు, దానికి ఇనప గడియ. గడియకి కొత్త నూనె రాసి ఉంది.

*

వేదిక వెనక దొరికిన నిచ్చెన వేసుకుని దిగారు. కింద నేల నిజంగానే వాలుగా ఉంది. కుర్చీలు పీకేసిన చోట ఇనుప కాళ్ళ ముక్కలు వరసలు వరసలుగా తేలి ఉన్నాయి. పైన డాన్సుల చప్పుడు మరీ మోగకుండా ఎప్పుడో కుక్కిన రంపపుపొట్టు బస్తాలు అన్నివైపులా ఉన్నాయి. ఎంత అరిచినా ఆ బస్తాలే విని ఊరుకుంటాయి.

గైడు ఒక బస్తాకి ఆనుకుని ఉన్నాడు. కాలు ఒకటి వంకరగా ఉంది. పెదాలు ఎండిపోయాయి. భార్యని చూసి లేవబోయి మానుకున్నాడు.

"కదలకండి," అంటూ ఆమె అప్పుడే సూది తీసింది. దండకి గుచ్చింది.

"ఎలా పడ్డారు?" అంది డిటెక్టివ్.

"పడలేదు, దిగాను." ఆయన గొంతు బొంగురుపోయినా ఇంకా గొప్పగానే ఉంది. "పెద్దమ్మ పిలిచింది. 'అసలు చోటు చూపిస్తా, రా' అంది. ఇన్నేళ్ళ సర్వీసులో అసలు చోటంటూ ఒకటి ఉందని నాతో అన్నది ఆవిడొక్కతే. ఎలా దిగకుండా ఉంటాను? మధ్యలో నిచ్చెన లాగేసింది. 'మైకు ఇలా ఇవ్వు నాయనా, విరిగిపోతుంది' అని అంతకుముందే తీసుకుంది."

"రాత్రంతా ఒక్కరే..." అంటూ భార్య ఆయన నుదురు తుడిచింది.

"ఒక్కణ్ణే కాదులే. ఆ మూల ఒకాయన ఉన్నాడు. మంచి శ్రోత. నీ కథలన్నీ వరసగా చెప్పేశాను. మధ్యలో ఒక్కసారి కూడా ఆవలించలేదు."

ఇన్‌స్పెక్టర్ టార్చి అటు తిప్పాడు.

ఎముకలు. చక్కగా, చాపినట్టు, వెల్లకిలా. చేతులు రెండూ గుండె మీద జత చేసి ఉన్నాయి. పెళ్ళికి తొడుక్కునేలాంటి కోటు, పాలిష్ పట్టిన బూట్లు. పక్కన దూరప్రయాణానికి సర్దిన పెట్టె, తాళం కూడా వేసి ఉంది.

"ఓడెక్కిపోయాడన్న మొగుడు," అంది డిటెక్టివ్ మెల్లగా.

గైడు భార్య ఎముకలవైపు చూసింది. "ఇన్నేళ్ళూ అబద్ధాలు చెబుతున్నామని భయపడుతూ వచ్చాం. ఒక్క నిజమైనా ఉందిలే అని ఆ ఓడ కథ చెప్పుకుని ధైర్యంగా ఉండేవాళ్ళం."

"మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఈసారి ఆ మాటలో రాయి లేదు. "ఇక్కడ ఒక్కరే ఉన్నారు. మరి ఆ డాన్సరు?"

"ఈ కేసులో మీరు అడిగిన మొదటి మంచి ప్రశ్న ఇది," అని డిటెక్టివ్ నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టింది. "పదండి, పెద్దమ్మనే అడుగుదాం."

టికెట్ల కిటికీ ఖాళీగా ఉంది. చేతికర్ర లేదు. ఇన్‌స్పెక్టర్ బస్టాండుకి మనుషుల్ని పంపడానికి ఫోన్ తీసేలోపు బయట చప్పట్లు వినిపించాయి.

గేటు ముందు పర్యాటకుల గుంపు అర్ధచంద్రాకారంగా నిలబడి ఉంది. మధ్యలో పెద్దమ్మ, కర్ర మీద రెండు చేతులూ ఆనించి, మైకు లేకుండానే చెబుతోంది. అందరూ ఆమెను కొత్త గైడనుకున్నారు. ఒకామె తన పిల్లవాణ్ణి ముందుకి నెట్టి నిలబెట్టింది, బాగా కనిపించాలని.

"...కోటు నేనే తొడిగాను. బూట్లకి పాలిష్ కూడా నేనే పట్టాను. ఎంతైనా మొగుడు కదా, ఎలా పడితే అలా పంపలేం. వాడెవడో డ్రమ్ములని, ప్రేమని చెబుతుంటే వినలేక చచ్చాను ఇన్నాళ్ళూ. చెబితే ఉన్నదున్నట్టు చెప్పాలి."

జనం ఒళ్ళు గగుర్పొడిచి మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఇన్‌స్పెక్టర్ వాళ్ళని తోసుకుంటూ ముందుకొచ్చాడు. పెద్దమ్మ అతన్ని చూసి బెదరలేదు. మురిసిపోయింది, ఎదురుచూస్తున్న మనిషి వేళకి వచ్చినట్టు.

"వచ్చావా నాయనా. ఇది మొదటిది. నడవగలిగినవాళ్ళు నా వెనక రండి, రెండోది దగ్గరే. ఆ పిల్ల కాళ్ళు ఎంత చక్కగా ఆడేవో ఇప్పటికీ మర్చిపోలేను." కర్రతో వీధి చివర ఉన్న పోలీస్ స్టేషన్ వైపు చూపించింది. "అప్పట్లో దానికి పునాదులు తవ్వి వదిలేశారు. వానలని పని ఆపేశారు."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"పద నాయనా, నువ్వే ముందు నడిచి తలుపు తియ్యి," అంది పెద్దమ్మ. "నీ కుర్చీ కాస్త పక్కకి జరపాల్సి ఉంటుంది."